పొగగొట్టానికి తాడు చుట్టి పాలమూరు వెళ్లిన రోజు

పాత కార్లున్న మిత్రులు కొందరు ఈ ఎండల్లో మహబూబ్‌నగర్ వైపు వెళ్దామనుకుంటున్నారు. దారిలో ఇంజను వేడికి బండి ఆగిపోతే ఏం చేయాలని నన్ను అడిగారు. జవాబు చెబుదామని కూర్చుంటే 1969 మే నెలాఖరులో నేను అదే దారిన చేసిన ప్రయాణం గుర్తొచ్చింది. అప్పుడు నేను పశువుల డాక్టర్ని. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, అశోక్‌నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాణ్ణి. జడ్చర్ల దాటాక లోపలికి ఉన్న ఒక చిన్న ఊళ్లో పశువులకు గొంతువాపు మొదలైందని, రెండు ఎడ్లు అప్పటికే పోయాయని కబురు వచ్చింది. ఆ జబ్బు పట్టిన పశువు ఒక్కోసారి పొద్దున మేత మేసి సాయంత్రానికి ఉండదు. మిగతావాటికి వెంటనే టీకాలు వేయాలి. ఆఫీసు జీపు చూస్తే మరమ్మతులో ఉంది. నా దగ్గర ఒక పాత విలాయతీ కారు ఉండేది, ముగ్గురి చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. దాంట్లోనే వెళ్తానని మా పై అధికారికి చెప్పేశాను.

పొద్దున ఏడింటికి అశోక్‌నగర్‌లో బయల్దేరి నారాయణగూడ వెళ్లాను. టీకా మందు అక్కడే తీసుకోవాలి. గోదాం తలుపు తెరిచి, మందు సీసాలను పొట్టు, ఐసు నింపిన చెక్కపెట్టెలో సర్ది ఇచ్చేసరికి ఎనిమిదిన్నర. పెట్టెలో ఐసు సాయంత్రం దాకా ఆగుతుందని, ఆ తర్వాత మందుకు తాను పూచీ కాదని గోదాం ఆయన చెప్పాడు. వంద కిలోమీటర్ల దారి, మధ్యాహ్నానికల్లా చేరిపోతాననుకున్నాను. నారాయణగూడ చౌరస్తాలో రిక్షాల మధ్య పది నిమిషాలు ఇరుక్కోగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అంతకుముందు కూడా అలా ఆగేది. తడిగుడ్డ తెచ్చి, ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు లాగే పంపు మీద కప్పి నీళ్లు పోశాను. కొంచెంసేపటికి కదిలింది. రెండు ఫర్లాంగులు వెళ్లి మళ్లీ ఆగింది. చూస్తున్న రిక్షా ఆయన, చిక్కడపల్లిలో యాదగిరి అని ఒకాయన ఉన్నాడని, బండి ఆయన దగ్గరికే పోనిమ్మని చెప్పి, తన రిక్షా పక్కన పెట్టి మరీ వెనక నుంచి తోశాడు.

యాదగిరి షెడ్డు అంటే ఇంటి ముందు నాలుగు రేకులు, ఒక వేపచెట్టు నీడ. మనిషికి నలభై ఏళ్లుంటాయి. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. ఏ పనిముట్టూ పట్టుకోలేదు. అరచెయ్యిని ఒక్కోచోట దగ్గరగా పెట్టి, ఎక్కడ ఎంత సెగ తగులుతోందో చూసుకున్నాడు.

"ఇంజన్ ఖరాబు గాలె సార్," అన్నాడు చివరికి. "పెట్రోలు ఉడుకుతున్నది. పొగగొట్టం ఈడ, పంపు ఈడ. నడుమ నాలుగు వేళ్ల జాగ. పొయ్యి పక్కన పెట్టినట్టున్నది. గొట్టంలనే పెట్రోలు ఆవిరైతున్నది. పంపు ఆవిరిని ఎట్ల గుంజుతది?"

"నీళ్లు పోస్తే నడుస్తోంది కదా."

"పోస్తే నడుస్తది. పాలమూరు దాంక ఎన్ని బిందెలు పోస్తరు?"

ఎక్కడికి వెళ్తున్నానో ఆయనకు ఎలా తెలిసిందని అడిగాను. రిక్షా ఆయన చెప్పాడన్నాడు. తర్వాత వెనక సీటు మీదున్న చెక్కపెట్టె వైపు చూసి అందులో ఏముందని అడిగాడు. గొంతువాపుకు టీకాలన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ పెట్టె దగ్గరికి వచ్చాడు.

"మాది గా దిక్కే సార్. నాకు పన్నెండేండ్లప్పుడు మా రెండెడ్లు గీ రోగంతోనే పోయినయ్. ఒక్క దినంల. ఎడ్లు లేనంక సేద్యం యాడిది? అమ్మ, నాయిన, నేను పట్నం వచ్చి మట్టిపని జేసినం." ఆగి, "మీది ఆంధ్రనా?" అన్నాడు.

ఆ ఏడాది ఊళ్లో ఆ ప్రశ్న మామూలు ప్రశ్న కాదు. ప్రత్యేక తెలంగాణ ఆందోళనతో కాలేజీలు మూతపడి ఉన్నాయి, నా యాస వినగానే మొహం తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు. అవునని, తెనాలి అని చెప్పాను.

"ఎడ్లకు గా ముచ్చట తెల్వది లే," అని ఆయన పక్కనున్న రెండు స్కూటర్లను గోడవారకు జరిపి, కారును నీడలోకి తోశాడు.

ఆయన చేసిన పని నేను ఇప్పటికీ వరసగా చెప్పగలను. యాదగిరి కుర్రతనంలో ముషీరాబాద్ వైపు ఒక మిల్లులో పదేళ్లు పనిచేశాడు. ఆవిరి గొట్టాలకు వేడి బయటికి పోకుండా తాడు చుట్టడం అక్కడ ఆయన పని. అదే విద్యను కారు మీద పెట్టబోతున్నాడు. సైకిలు మీద వెళ్లి అరగంటలో ఆ తాడు తెచ్చాడు, బొటనవేలంత లావున బూడిదరంగులో ఉంది. దాన్ని బకెట్ నీళ్లలో నానబెట్టి, ఇంజను దగ్గర మొదలుపెట్టి కిందివరకు, ఒక చుట్టును ఆనుకుని ఇంకో చుట్టు, మధ్యలో వెంట్రుకంత సందు లేకుండా పొగగొట్టానికి చుట్టాడు. జానెడుకొక చోట ఇనపతీగతో బిగించాడు. తడి తాడు ఆరితే ఇంకా బిగుసుకుంటుందట. తర్వాత ఒక రేకు కత్తిరించి పొగగొట్టానికీ పంపుకీ మధ్య నిలబెట్టాడు. దాన్ని దేనికీ ఆనించలేదు. "రెండు దిక్కుల గాలి ఆడాలె. ఆనితే రేకు గూడ పొయ్యే అయితది," అన్నాడు. చివరికి పెట్రోలు వచ్చే సన్నగొట్టాన్ని విప్పి, ఇంజనుకు దూరంగా చుట్టుతిప్పి బిగించాడు.

ఈలోగా ఆయన భార్య బాలమణి నా టీకా పెట్టెను తనంతట తానే లోపలికి తీసుకుపోయి, కుండల పక్కన చల్లటి గచ్చు మీద పెట్టి, తడి గోనెసంచి కప్పింది. మధ్యాహ్నం నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఆలస్యమైపోతోందని నేను ముద్ద మింగలేకపోతుంటే, "జర తినుర్రి సార్. మీరు పస్తులుంటే బండి జల్ది తయారైతదా?" అంది. దారిలో తినమని ఇంకో నాలుగు రొట్టెలు గుడ్డలో కట్టింది.

పని అయ్యేసరికి ఒంటిగంట. ఇంజను తిప్పగానే తాడులోంచి పొగ లేచింది. నేను కంగారుపడితే, తడి ఆరుతోందని చెప్పాడు. పావుగంటలో పొగ ఆగింది. తాడు, రేకు, కూలి అన్నీ కలిపి పద్దెనిమిది రూపాయలు తీసుకున్నాడు. నేను ఎక్కి కూర్చున్నాక ఆయన కూడా చొక్కా మార్చుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఎందుకని నేను అడగలేదు. సొంత ఊరి వైపు కదా, చూసి వద్దామనుకున్నాడేమో అనుకున్నాను.

దారిలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగి పెట్టెలో కొత్త ఐసు నింపుకున్నాం. శంషాబాద్, షాద్‌నగర్ దాటేవరకు బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎప్పుడూ నా కుడికాలి పాదం కాలిపోయేది, ఆరోజు చెప్పులోపల మామూలుగా ఉంది. నాకు ఉత్సాహం వచ్చి వేగం పెంచబోతే, యాదగిరి వద్దన్నాడు. అసలు పరీక్ష ఇంకా రాలేదన్నాడు. జడ్చర్ల దగ్గర రైలు గేటు పడినప్పుడు ఆ మాట అర్థమైంది. మూడున్నర అయింది, నీడ లేదు, ముందు నాలుగు లారీలు, వెనక ఎడ్లబళ్లు. ఇంజను ఆపక తప్పలేదు. నడుస్తున్నంతసేపు గాలి తగిలి కాస్త చల్లబడుతుంది, ఆపగానే ఉన్న వేడంతా బానెట్ కింద కూడుతుంది. యాదగిరి దిగి బానెట్ ఎత్తి, పంపు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు. చెమట గడ్డం మీంచి కారుతున్నా చెయ్యి తీయలేదు. గేటు లేచింది. లారీలు కదిలాయి.

"తిప్పుర్రి," అన్నాడు.

మొదటిసారికే ఇంజను అందుకుంది. ఆయన ఎక్కి కూర్చుని, కాసేపటి తర్వాత చెప్పాడు. "నాకు నమ్మకం లేకుండె సార్. ఆవిరి గొట్టాలకు కట్టిన గని కారుకు కట్టుడు ఇదే మొదటిసారి. ఆగితే దగ్గరుండి నడిపియ్యాలె గదా అని వచ్చిన."

ఐదింటికి ఊరు చేరాం. అప్పటికే పశువులన్నిటినీ ఊరి ముందు బీట్లోకి తోలుకొచ్చి పట్టుకుని ఉన్నారు. పొద్దున్నుంచీ అలాగే చూస్తున్నామని ఒక పెద్దాయన అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నేను సూది వేస్తుంటే యాదగిరి కొమ్ములు పట్టాడు. పట్నంలో ఇరవై ఎనిమిదేళ్లున్నా ఆ చేతులు ఎద్దును ఎక్కడ పట్టుకోవాలో మర్చిపోలేదు. పొద్దుగుంకే వేళకు ఊళ్లో ఉన్నవాటికన్నిటికీ వేయడం పూర్తయింది. పెట్టెలో అప్పటికీ ఐసు ముక్కలు మిగిలే ఉన్నాయి. అప్పటికే జబ్బు పడ్డ ఒక గేదెను దక్కించుకోలేకపోయాం. ఆ వానాకాలంలో ఆ ఊళ్లో ఆ రోగంతో ఇంకేదీ పోలేదని తర్వాత తెలిసింది.

చాలామంది మెకానిక్కులను చూశాను, మంచి పనివాళ్లు చాలామంది ఉన్నారు. కానీ తన పని మీద తనకే అనుమానం ఉన్నప్పుడు, నన్ను ఒంటరిగా పంపకుండా, నాతోపాటు ఎండలో వచ్చి నిలబడ్డవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆ కారు నా దగ్గర ఇంకో ఏడేళ్లుంది. ఆ తాడు ఆస్బెస్టాస్ అని, దాని పొడి ఊపిరితిత్తులకు చేటని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు. తెలిశాక యాదగిరిని పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లి ఛాతీ పరీక్ష చేయించాను. డాక్టరు ఫరవాలేదన్నాకే ఇద్దరం బయటికొచ్చాం.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ పాత తాడు జోలికి పోకండి, గాజునారతో చేసిన పట్టీలు బజార్లో దొరుకుతున్నాయి, అవి చుట్టించుకోండి. చుట్టిన పట్టీ మీద ఇంజనాయిలు మరక కనిపిస్తే మాత్రం తుడిచి ఊరుకోవద్దు. నూనె పీల్చిన పట్టీ వేడికి అంటుకుని మండుతుంది. అక్కడికక్కడ విప్పేసి, ఎంత ఆలస్యమైనా కొత్తది చుట్టించుకున్నాకే బయల్దేరండి.