వదిన కోసం తీసిన లైబ్రరీ ఫొటోలు

నేను తీసిన ఫొటోలను అందరికంటే శ్రద్ధగా చూసిన మనిషి మా వదిన. వెలుగు బాగా పడిందనో, కోణం కుదిరిందనో ఆమె ఎన్నడూ అనలేదు. ఫొటోను గడప దగ్గరి వెలుతురులోకి పట్టుకెళ్ళి, కళ్ళు చికిలించి చూసి, "ఈయన లోపటికి పోయేటప్పుడు ఎవరినన్న అడిగిండా, సీదా పోయి కూసున్నడా?" అని అడిగేది. నాకు ఒళ్ళు మండేది. రెండు గంటలు బాత్‌రూములో చెమటలు కక్కి కడిగిన ఫొటో అది.

అరవైల చివర్లో మాట. నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ, తార్నాకలో అన్నావదినల దగ్గర ఉండేవాణ్ణి. రెండు గదుల ఇల్లు, మేడ ఎక్కితే దూరంగా మౌలాలి గుట్ట. అన్న రైల్వే కారఖానాలో ఫిట్టరు. నాన్న పోయినప్పుడు అన్న ఏడో తరగతి. ఆ ఏడాదే బడి మానేసి పనిలో చేరాడు. నన్ను మాత్రం మాననివ్వలేదు.

గ్రంథాలయ వారోత్సవాలకు ఫొటోల ప్రదర్శన పెట్టాలని మా ప్రొఫెసరుగారికి బుద్ధి పుట్టింది. క్యాంపస్ లైబ్రరీనీ, చుట్టుపక్కల పేటల్లోని చిన్న చిన్న పఠన మందిరాలనూ ఫొటోలు తియ్యాలి. నాకు ఫొటోగ్రఫీ కొట్టిన పిండి అని క్యాంటీన్‌లో కోతలు కోసి ఉన్నాను కాబట్టి డిపార్టుమెంటు కెమెరా తెచ్చి నా మెడలో వేశారు. రొట్టె విరిగి నేతిలో పడిందని నేను సంబరపడ్డాను. అది పై నుంచి తొంగి చూసే కెమెరా. మెడలో వేలాడేసుకుని, తల వంచి, పైనున్న అద్దంలో చూడాలి. అందులో ఎడమ కుడిగా, కుడి ఎడమగా కనిపిస్తుంది. అలవాటయ్యే దాకా, కుడికి జరగాల్సినప్పుడు ఎడమకు జరిగి బల్లలకు కొట్టుకున్నాను. దానితో ఒక సుఖం ఉంది. తల దించుకున్నవాడు ఫొటో తీస్తున్నాడని ఎవరికీ తోచదు, ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నాడు పాపం అనుకుంటారు.

క్యాంపస్ లైబ్రరీలో చదువు ఒక్కటే జరుగుతుందని నమ్మేవాళ్ళు అందులో ఎప్పుడూ కూర్చోనివాళ్ళే. పొద్దున తలుపు తీయగానే కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి, ఫ్యాన్ కింది కుర్చీల మీద దస్తీలు వేసి, తాపీగా హాస్టల్‌కు పోయి టిఫిన్ చేసి వచ్చేవారు. బస్సు కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకునే ఊరు కదా, ఇక్కడా అదే చట్టం. దస్తీ ఉన్న కుర్చీలో ఎంత రౌడీ అయినా కూర్చునేవాడు కాదు. మెస్‌లో పప్పన్నం తిని వచ్చిన లా విద్యార్థి ఒకడు ఎంత లావు పుస్తకం దొరికితే అంత హాయిగా దాని మీద నిద్రపోయేవాడు. కిటికీ పక్కన ఆడపిల్లల బల్ల. ఎక్కడా దొరకని పుస్తకాలన్నీ ఆ బల్ల వెనక అలమారాలోనే ఉంటాయని మగపిల్లలకు గట్టి నమ్మకం. చొక్కా జేబులో పల్లీలు వొలిచే చప్పుడు వినపడితే అటెండరు వచ్చి దగ్గేవాడు. కాస్త ఆగి మళ్ళీ వొలిచేవారు. నాకు ఆ హాలంటే ప్రాణం.

నా బాధల్లా సర్దేవాళ్ళతోనే. ఫొటో అన్న మాట చెవిన పడితే చాలు, లైబ్రేరియన్‌గారు పరుగున వచ్చి నిద్రపోయేవాళ్ళను లేపేవారు, దస్తీలు తీయించేవారు, అందరి ముందూ పుస్తకాలు తెరిపించేవారు. హాలు మొత్తం ఇన్‌స్పెక్టరు వచ్చిన బడిలా బిగుసుకుపోయేది. ఆయన సరేనని వెనక్కి వెళ్ళే దాకా నేను ఉత్తుత్తిగా మీట నొక్కి, వెళ్ళాక అసలు ఫొటో తీసేవాణ్ణి.

పేటల్లోని పఠన మందిరాలది ఇంకో తీరు. ముషీరాబాద్‌లో కింద సైకిల్ షాపు, మీద లైబ్రరీ. సైకిల్ గంటల మధ్యన పెద్దమనుషులు పేపర్లు చదివేవారు. ఉన్న ఒక్క పేపరునూ నాలుగు ముక్కలు చేసి పంచుకుంటారు. సంపాదకీయం చదివేవాడు ఆటల పేజీవాడి కేసి మర్యాదగా చూస్తూ కూర్చుంటాడు, ఆ చూపు తట్టుకోలేక వాడు ఇచ్చేస్తాడు. అంబర్‌పేటలో కూరగాయల బేరం చూసుకుంటూనే మధ్యలో వచ్చి వార్తల శీర్షికలు చదివి పోయే ఆసామి ఒకాయన ఉండేవాడు.

ఫొటోలు ఇంట్లోనే కడిగేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం బాత్‌రూము కిటికీకి కంబళి కొట్టి, ఎర్ర బల్బు పెట్టి. నీళ్ళు తోడి ఇచ్చేది వదిన. కడిగిన ఫొటోలు బట్టల తీగకు తగిలిస్తే మొదట చూసేదీ ఆమే. చూస్తూ ఆ ప్రశ్నలు. పుస్తకం కావాలంటే ఎవరిని అడగాలి? లేచి పోయేటప్పుడు చెప్పి పోవాల్నా? ఈ దస్తీలేంది? అలమారా ఎవరి చేతితో వాళ్ళు తెరవొచ్చా?

ఒక ఆదివారం విసుగెత్తి, "నీకెందుకు వదినె ఇవన్ని?" అన్నాను.

తీగ మీద ఫొటో సరిచేస్తూ నెమ్మదిగా చెప్పింది. "నాకు పోవాల్నని ఉన్నది తమ్మీ. పోయినంక ఏం జెయ్యాల్నో తెల్వది. నలుగుర్ల తప్పు జేస్తే మల్ల కాలు పెట్టబుద్ధి కాదు."

ఎనిమిదో తరగతిలో ఆగిన చదువును ప్రైవేటుగా మెట్రిక్ దాకా లాగాలని ఆమెకు ఎప్పటి నుంచో ఉంది. అన్న వద్దనలేదు. "ఇంట్ల కూసోని సదువుకో, తమ్ముడు పుస్తకాలు తెచ్చిస్తడు గద" అన్నాడు. నేను తెచ్చిచ్చేవాణ్ణి కూడా. ఆ మాటే అన్నాను.

"నువ్వు తెచ్చేటివి నీకు మంచిగనిపించినయి. నాకేం గావాల్నో నేను సూసుకోవద్దా?" అంది. "ఇంట్ల కూసుంటే సదువు సాగుతదా? పాలాయన, నీళ్ళ నల్లా, పక్కింటామె. సదువుకునేటోళ్ళ నడుమ ఒక్క గంట కూసుంటె సాలు."

అన్నకు ముందే చెబుదామంటే వద్దంది. అన్న మెత్తని మనిషే, కానీ నలుగురి నోటికి జడుస్తాడు. కారఖానాలో ఒకడు ఏదో అంటే, "ఎందుకులే" అని ఒక్క మాట అంటాడు. అన్నాడంటే ఆమె దాటదు. దాటదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఒక్క మాటతో లైబ్రరీ పోతుంది, దాని వెనక మెట్రిక్కూ పోతుంది. అందుకే ముందు వెళ్ళాలి, ఏ తప్పూ జరగకుండా రావాలి, అప్పుడు చెప్పాలి.

ఫొటోలన్నీ వరసగా మంచం మీద పరిచింది. "ఇన్నిట్ల ఒక్క ఆడిమనిషి లేదేంది?"

క్యాంపస్‌లోని ఆడపిల్లల బల్ల చూపించాను.

"వాళ్ళు కాలేజి పిల్లలు. నాసొంటిది?"

మళ్ళీ చూశాను. ముషీరాబాద్, అంబర్‌పేట, మౌలాలి. మీసాలు, టోపీలు, కళ్ళజోళ్ళు. లైబ్రరీల్లోని జీవితాన్నంతా ఒడిసిపట్టానని ప్రొఫెసరుగారి దగ్గర గొప్పలు పోయి వచ్చింది అంతకు ముందు రోజే.

ఇక తార్నాక పఠన మందిరానికి నన్ను వదినే పంపింది. మా ఇంటికి రెండు సందుల అవతల, ఒకే గది, ముందు ఎత్తు మెట్లు. ఏమేం తీయాలో ఆమే చెప్పింది: తలుపు బయటి నుంచి, తలుపు లోపలి నుంచి, బెంచీలు, అలమారా, లైబ్రరీ సారు బల్ల. నేను వెళ్ళేసరికి అక్కడి సారు ప్రదర్శన సంగతి విని ఉన్నాడు. గచ్చు కడిగించి తళతళలాడిస్తున్నాడు. వచ్చినవాళ్ళందరి చెప్పులూ బయటే విడిపించి, మెట్ల మీద వరసగా పేర్పించాడు. మామూలు రోజుల్లో అందరూ చెప్పులతోనే టకటకా లోపలికి పోతారు. నేను లోపల్లోపల తిట్టుకుంటూ ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఈ కడిగిన వైభవం సంగతి వదినకు చెప్పాలని నాకు తట్టలేదు.

ఆ ఫొటోలు ఆమె చాలాసార్లు చూసింది. కూర్చునే చోటు కూడా ఎంచుకుంది. పిల్లల పుస్తకాల అలమారా పక్కన గోడకు ఆనుకుని చిన్న బెంచీ, అన్ని ఫొటోల్లోనూ ఖాళీగానే ఉంది.

వెళ్ళే రోజు ఏదో నాకు చెప్పలేదు. నేను ఆ సాయంత్రం క్యాంపస్ నుంచి వస్తూ, సారుకు ఇస్తానన్న ఫొటో ఇచ్చిపోదామని అటు తిరిగాను. మెట్ల మీద ఒక్క జత ఆడవాళ్ళ చెప్పులు. పక్కన ఇంకో జత లేదు. లోపల మగవాళ్ళందరూ చెప్పులతో, బూట్లతో ఉన్నారు. మూలన చిన్న బెంచీ మీద వదిన, కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఉత్త కాళ్ళతో కూర్చుని చదువుకుంటోంది. ఫొటోలో చూసింది చూసినట్టే చేసింది పాపం.

ఎవరి కంటా పడకుండా ఒక గంట కూర్చుని రావాలనుకున్న మనిషి లోపల ఉందని ఆ చెప్పులు సందంతటికీ చాటుతున్నాయి. పోయేవాళ్ళు చెప్పులు చూసి ఆగి, లోపలికి ఒకసారి తొంగి చూసి పోతున్నారు. ఆ చెప్పులు తీసి చాటున పెడదామని వంగబోతుంటే వెనక సైకిల్ గంట వినిపించింది. అన్న. పని నుంచి వస్తున్నాడు.

అన్న ముందు నన్ను చూడలేదు, చెప్పులను చూశాడు. తెగిన పట్టీకి సైకిల్ ట్యూబు ముక్క వేసి కుట్టింది ఆయనే.

"మీ వదినె లోపటున్నదా?"

"ఉన్నదన్నా."

"చెప్పులు బయటెందుకు ఇడిసింది? అందరు ఏసుకునే ఉన్నరు గద."

ఫొటో సంగతి చెప్పాను. ఆమె ఎందుకు ఫొటోలన్నీ చూసేదో అదీ చెప్పాను. దాచడానికి ఇంకేం మిగలలేదు. అన్న విని, తలుపులోంచి కాసేపు లోపలికి చూశాడు. సైకిల్ స్టాండు వేసి, వచ్చి ఆ చెప్పుల పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"గిట్ల ఇడిస్తే ఎవడన్న ఎత్తుకపోతడు" అన్నాడు.

అప్పుడే కారఖానా మనిషి ఒకడు సైకిల్ మీద వస్తూ కాలు కింద ఆనించి ఆగాడు. "ఏందన్నా, గీడ కూసున్నవ్?"

మా అన్నకు భయం ఇలాంటి మనిషి అంటేనే, ఇలాంటి ప్రశ్న అంటేనే.

"మా ఇంటామె లోపట సదువుకుంటున్నది" అన్నాడు అన్న, బియ్యం ధర చెప్పినంత మామూలుగా. "మెట్రిక్ రాస్తది."

ఆ మనిషి "అట్లనా, మంచిది" అని తొక్కుకుంటూ పోయాడు. అంతే. ఇంతకాలం ఇంట్లో ముగ్గురం భయపడింది ఈ రెండు మాటలకా అని నాకు నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. అన్నను చూస్తే గర్వంగా అనిపించింది.

మాటలు వినిపించాయేమో వదిన లేచి గుమ్మం దాకా వచ్చింది. అన్నను చూసి చేతిలోని పుస్తకాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"అయిపోయిందా?" అన్నాడు అన్న.

"ఇంకొంచమున్నది."

"అయితే సదువుకో. నేనుంట గీడ."

వదిన కదల్లేదు. అన్నను, ఆయన మసి చేతులను, ఖాళీగా కూర్చున్న తీరును చూసింది. "గీడెందుకు, లోపటికి రా. పేపరున్నది."

"నేనేం జేస్త లోపట? నాకు తెల్వదు గవన్ని."

"ఏమున్నది తెల్వకపోనీకి. ఎవ్వరిని అడిగేది లేదు. సీదా పోయి కూసునుడే. పేజి ఏదన్న ఖాళిగుంటె తీస్కో."

అన్న వంగి బూట్ల తాళ్ళు విప్పబోయాడు. "ఇప్పకు. ఎవ్వరు ఇప్పరంట" అంది ఆమె, తన చెప్పులను కాలితో దగ్గరికి లాక్కుని తొడుక్కుంటూ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో నవ్వు వినిపించింది.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆ మరుసటి ఏడు వదిన మెట్రిక్ తప్పింది, ఆ పై ఏడు గట్టెక్కింది. అది వేరే కథ, చాలా అలకలున్న కథ. ఆ సాయంత్రం మాత్రం నేను మెట్ల మీద నిలబడి, మెడలోని కెమెరా తెరిచి తల వంచాను. చిన్న బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. వదిన అప్పుడే పుస్తకంలో పడిపోయింది. అన్న ఒక పేజీని రెండు చేతులతో పట్టుకుని, వేలు ఆనిస్తే మసి అంటుతుందని దూరంగా పెట్టి, బడి మానినప్పటి నుంచి అలవాటు తప్పినవాడు కదా, పెదవులు కదుపుతూ ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. ఆ పెదవులు కదలడం వల్ల ఫొటో కాస్త చెదిరింది. ప్రొఫెసరుగారు దాన్ని పక్కన పెట్టేశారు.

బుద్ధి తెలిసినప్పటి నుంచి అన్న నా ఫీజు కట్టడం చూశాను, పుస్తకాలకు అట్టలు వేయడం చూశాను, నేను చదువుతుంటే దీపం వత్తి పెంచి పక్కన కూర్చోవడం చూశాను. అన్న చదువుతుండగా చూడడం నాకు అదే మొదలు.