చిన్నత్త ఎందుకు వద్దందంటే

పలాసలో ఉండే మా పెద్దత్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలక్షేపానికి ఆమెకో ట్యాబ్ కొందామని, నేను పనిచేసే స్కూలుకు ఒకపూట సెలవు పెట్టి, చిన్నత్తను వెంటబెట్టుకుని శ్రీకాకుళం వెళ్ళాను. మాకు అందుబాటు ధరలో దొరికిన ప్రతిదాన్నీ చిన్నత్త ముఖానికెదురుగా పట్టుకుని, చెయ్యి ఊపి చూసి, "ఇది వద్దే" అనేది. నాలుగో షాపులోనూ అదే మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది.

"నీకేటి తెలుసని వద్దంతన్నావు? సీరియల్స్ సూడ్డానికి ఇది సాలదా?" అని అందరి ముందూ కసిరాను.

"సీరియల్స్‌కి కాదే. అప్ప ఇప్పుడు సేతివేళ్ళతోనే కదా సెప్తాది. దాని ఫోన్లో వీడియో కాల్ సేస్తే ఆ వేళ్ళు నాకు కనబడ్డం లేదు. ఇందులోనూ మసగ్గానే ఉన్నాది" అంది చిన్నత్త.

షాపతను లోపలికెళ్ళి, మెమరీ తక్కువైనా కెమెరా బాగున్నది తెచ్చాడు. అదే కొన్నాం.

దాన్ని పలాస చేర్చిన రోజు చిన్నత్త ఫోన్‌కి వీడియో కాల్‌లో వచ్చిన పెద్దత్త అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టుకుంది. "తిన్నానప్పా, సేపల పులుసు" అంది చిన్నత్త.

అన్ని షాపుల్లో అన్ని వివరాలూ అడిగిన నేను, ఆమెను మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.