సర్కారు కోళ్లు, బీడీ దారం

నా చిన్నప్పుడు మా ఊర్లో బీదరికం పోగొట్టే పనిని పదహారు కోళ్లకు అప్పజెప్పిన్రు. మనుషులతోని కాలేదు, కోళ్లతోనన్నా అయితదేమోనని సర్కారు ఆశ. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేండ్లయింది. ధర్మపురికి ఎగువన గోదావరి ఒడ్డునున్న మా పల్లెకు కూడా అప్పుడప్పుడే బ్లాకు ఆఫీసు జీపు వచ్చిపోతుండె.

కోళ్లు తెల్లగా, పాలల్ల ముంచి తీసినట్టుండేవి. వాటి వెంట వచ్చిన కాగితం ఇంకా తెల్లగుండె. ఊర్లో అందరికన్న బీద ఇండ్లు నాలుగు ఏరాలె, మగదిక్కు లేని ఆడవాళ్లకు ముందు ఇయ్యాలె. ఇంటికి మూడు పెట్టలు, ఒక పుంజు. గుడ్లు ముందుగాల ఇంట్లోని పిల్లలు తినాలె. పెంట ఎరువుగుంతలో వేయాలె. మొదటిసారి పొదిగిన పిల్లల్లో రెండింటిని ఇంకో బీద ఇంటికి ఇయ్యాలె, వాళ్లు ఇంకొకరికి ఇయ్యాలె. గ్రామసేవకుడు మా వాకిట్లో నిలబడి ఇదంతా చదువుతుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పక్కన మా అవ్వ ఉల్లిగడ్డలు కోస్తుండె, అదీ ఒక కారణమే.

మా తాత ఊరికి పటేలు. కోళ్లను ఎక్కడ దింపాలో చెప్పేది ఆయనే. "బీదోళ్లకు గీ జాతి కోళ్లను సాకుడు తెలువది. జర అలవాటయ్యేదాంక నా దొడ్ల ఉండనీయుండ్రి" అన్నడు. అట్లనే దింపిన్రు. అలవాటు పడ్డది మాత్రం మేము. రోజూ పొద్దున నాకొక ఉడకబెట్టిన గుడ్డు. ఏ అధికారి ఊర్లోకి వచ్చినా ఒక కోడి తక్కువయ్యేది. ఆరు నెలలు తిరిగేసరికి పదహారింటిలో మిగిలినవి మూడు పెట్టలు, ఒక పుంజు. మా ఇంట్లో ఇది తప్పని ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు. బడిలో నా బుగ్గలు చూపించి 'సర్కారు గుడ్లు' అని గొప్పలు కూడా చెప్పుకున్న.

అప్పుడు కబురొచ్చింది. కోళ్లిచ్చిన నాలుగిండ్లను చూడడానికి జిల్లా నుంచి పెద్ద సారు వస్తున్నడని. ఇంట్లో అందరూ పరేషాన్ అయిన్రు గాని మా తాత కాలేదు. "నాలుగిండ్లు, నాలుగు కోళ్లు. ఫికరెందుకు?" అన్నడు. ఆయన ఉపాయం చిన్నది. సారు ముందు తొవ్వన నడుస్తడు, మా జీతగాడు కోళ్లను గంపల పెట్టుకొని వెనక సందున ఉరుకుతడు. సారు ఒక ఇంటి దగ్గర దండ వేయించుకొని నీళ్లు తాగి బయలుదేరేసరికి అవే కోళ్లు తర్వాతి ఇంటి వాకిట్లో మేస్తుండాలె.

నేను కూడా తాత వెంబడి పోయిన. మొదటిది ఒంటరి ముసలవ్వ ఇల్లు. "గుడ్లు మంచిగ పెడుతున్నయా?" అని సారు అడిగిండు. ముసలవ్వ మా తాత దిక్కు చూసింది. మా తాత తలకాయ ఊపిండు, ఆమె కూడా ఊపింది. ఆ ఇంట్లో ఆ ఊపుడుకే గుడ్లు పడ్డయి. సారు రాసుకున్నడు.

రెండోది బీడీల అత్త ఇల్లు. మొగుడు పోయిండు. పొద్దంతా బీడీలు చుట్టి ఒక్క బిడ్డను సాదుకుంటుండె. ఆ పిల్లకు నా ఈడే. మేం పోయేసరికి కోళ్లు అప్పుడే గంపలోంచి దిగి నోర్లు తెరిచి రొప్పుతున్నయి. నా నోరు ఊకోదు కద. "సారూ, గీ కోళ్లకు మీరంటే మస్తు ప్రేమ. మీరు ఏడికి పోతే ఆడికే వస్తున్నయి" అన్న. మా తాత మొహం మాడింది. సారు మాత్రం పకపక నవ్వి నా బుగ్గ గిల్లిండు. ఆయనకు అర్థం కాలేదని ఆ పూట నేననుకున్న. ఆయనకు అప్పుడే అంతా అర్థమైందని తెలిసేసరికి నేను పెద్దదాన్నైన.

ఆ నవ్వు ఇంకా ఆగనేలేదు, అత్త బిడ్డ తల్లి కొంగు పట్టుకొని మెల్లగ అడిగింది: "అవ్వా, గివి రాత్రికి మనింట్లనే పండుకుంటయా?"

అందరికీ వినపడ్డది. అత్త చేతిలో సగం చుట్టిన బీడీ అట్లనే ఆగింది. చాట పక్కకు పెట్టి, దారపు ఉండ పట్టుకొని లేచింది.

"సారూ, ఒక్క మాట. మా వాడల కోళ్లన్ని కలిసిపోతయి. ఎవలియి ఎవలియో తెలువది. నీ చేతులతోని గీ దారం కాళ్లకు కట్టిపో. నువ్వు కట్టినవంటే ఇగ ఎవ్వలు ముట్టరు."

"సారుకెందుకే గా పెంట పని?" అన్నడు మా తాత.

"పెంట కాదు పటేలా, దారమే."

సారు వెంట ఫోటోలు తీసేటాయన వచ్చిండు. పొద్దటి సంది దండల ఫోటోలు తీసి విసిగిపోయిండేమో, "మంచిగొస్తది సార్, కూసోండ్రి" అన్నడు. సారు కూసున్నడు. నాలుగింటి కాళ్లకూ ఎర్ర దారం కట్టిండు. ఆయన వేసిన ముడి మీద అత్త ఇంకో ముడి వేసింది, పండ్లతో కొరికితే తప్ప ఊడని బీడీ ముడి.

వెనక గోడ మీదినుంచి మా జీతగాని తలకాయ లేచింది. అత్త అందరి ముందట పలకరించింది. "ఏం తమ్మీ, గంప పట్టుకొచ్చినవ్? పేడకా? ఈడ పేడ లేదు, పటేలు దొడ్లకు పో." తలకాయ కిందికి పోయింది.

మూడో ఇంటి వాకిలి ఖాళీ. నాలుగోదీ ఖాళీ. మా తాత గొంతు సవరించుకొని "తెగులొచ్చింది సార్" అన్నడు. ఇప్పుడు సారు గర్జిస్తడు, ఎవరో ఒకరు కాళ్ల మీద పడతరు అని నేను ఎదురుచూస్తున్న. అదేం జరగలేదు. సారు 'తెగులు' అని రాసుకొని, గడియారం చూసి, "ఆకలైతుంది పటేల్" అన్నడు.

నాలుగో ఇల్లు చూసినంక పుంజును సారుకు వండాలని మా ఇంట్లో మసాలా కూడా నూరిపెట్టిన్రు. ఆ మసాలాను వంకాయల్లో పోసిన్రు. సారు కడుపునిండ తిని, బ్రేవుమని తేన్చి, బీదోళ్ల కోసం మా తాత చేసే సేవను మెచ్చుకున్నడు. గుమ్మం పక్కన నిలబడి అది విన్న నాకు కడుపులో తిప్పింది. మర్నాడు అవ్వ మిగిలిన గుడ్డు ఉడకబెట్టి పెడితే నోటిదాక కూడా పోలేదు. ఆరు నెలలు నేను తిన్నది ఆ పిల్ల గుడ్డు. అంతకన్నా కంపు కొట్టే సంగతి, ఆరు నెలలు అది నాకు రుచిగానే ఉండె.

సారు పోయిన నాటి సాయంత్రమే మా తాత కోళ్లు తెమ్మని జీతగాన్ని అత్త ఇంటికి పంపిండు. "సారు కట్టిండు, సారే వచ్చి ఇప్పాలె. ఫోటో కూడ ఉన్నదని చెప్పు" అన్నదట అత్త. ఇంకొకరోజైతే మా తాత ఆ ఇంటిమీదికే పోయేటోడు. ఫోటో పేరు విని ఊకున్నడు. నెల తిరగకముందే, ఆ కోళ్లు తనే దానం చేసిన్నని ఊరంతా చెప్పుకున్నడు. చచ్చేదాంక చెప్పుకున్నడు.

ఆ తెల్ల పెట్టలు పొదగవు. అత్త ఒక నాటుకోడిని అడిగి తెచ్చి, దాని కింద గుడ్లు పెట్టి పిల్లలు చేయించింది. మొదటి రెండు పిల్లలు ముసలవ్వకు ఇచ్చింది. తర్వాత మూడో ఇంటికి, నాలుగో ఇంటికి. ఆ తెల్ల కాగితంలోని మాట నిలబెట్టింది ఊర్లో ఒక్క మనిషి. ఆమెకు చదువు రాదు.

పెద్దయినంక నేను గ్రామసేవికనైన. కోళ్లు పోయి కుట్టుమిషన్లు వచ్చినయి, మిషన్లు పోయి బర్రెలు వచ్చినయి. ప్రతి కాగితంల ఆడవాళ్లు ముందున్నరు, బీదవాళ్లు ముందున్నరు. చెప్పి పోయిన రోజు చూసింది నేను ఎన్నడూ నమ్మలేదు. మర్నాడు చెప్పకుండ పోయేదాన్ని. చానా ఇండ్లల్ల మర్నాటికి ఏమీ ఉండేది కాదు. అట్లాంటి రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూసుంటే అదే తిప్పుడు, ముద్ద దిగేది కాదు. ఇప్పుడు నౌకరి లేదు గాని తిప్పుడు ఉన్నది. మా ఇంట్లోవాళ్లు మందు తెస్తమంటరు, నేను వద్దంట. అది ఆగిపోయిన రోజు నేను మా తాతనైపోయినట్టే.