ఆగండిగారి ఆయాసం

ఆగండిగారు ఆగకుండా నడవగా చూసినవాళ్ళు మా లోయల్లో ఎవరూ లేరు. నాలుగడుగులు వేస్తారు, చెయ్యి పైకెత్తుతారు, "ఆగండి" అంటారు. వెనకాల వస్తున్నవాళ్ళు ఒకరి వీపు ఒకరు గుద్దుకుని ఆగిపోతారు. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకైనా గుర్తుందో లేదో. మా అందరికీ ఆయన ఆగండిగారే.

ఆయన ఉద్యోగం ఊపిరి పీల్చడం నేర్పడం. పుట్టిన దగ్గర్నుంచీ అందరం ఉచితంగా చేస్తున్న పనే. మా కంపెనీ డబ్బున్నవాళ్ళని కొండల మధ్య తిప్పుతుంది. లోయకొక చెక్క బంగళా ఉంది. పొద్దున నూనె మర్దనా, వేడి రాళ్ళ స్నానం, మధ్యాహ్నం కొండ మీద అద్దాల గదిలో భోజనం, సాయంత్రం మౌనం. మర్దనాకి ఒక మనిషి, స్నానానికి ఒక మనిషి. మౌనానికి కూడా ఒకావిడ ఉండేది. ఎక్కువ మాట్లాడుతోందని మాన్పించారు. భోజనం నాది. నేను ముందుగా జీపులో పైకెళ్ళి వండుతాను. అతిథుల్ని కాలిబాటన పైకి నడిపించుకు రావడం, దారిలో ఊపిరి పాఠాలు చెప్పడం ఆగండిగారిది.

ఆగడానికి ఆయనకి ఫలానాదే కావాలని లేదు. నాచు చాలు. సాలెగూడు చాలు. ఆకు చివర పడదామా వద్దా అని వేలాడుతున్న నీటిబొట్టు దొరికిందంటే ఇక పండగే. ఒకసారి ఏమీ లేని చోట ఆపి, "ఇక్కడ ఏమీ లేదు, చూడండి" అన్నారట. అతిథులందరూ చూశారట. ఒక పెద్దావిడైతే కళ్ళు తుడుచుకుందట.

ఇక్కడ నా ఏడుపు కూడా చెప్పాలి. గుడ్ల నురగతో ఓవెన్లో పొంగించే వంటకం ఒకటుంది. టోపీలాగా పైకి లేస్తుంది. బయటికి తీసిన కాసేపట్లో తినకపోతే చతికిలబడిపోతుంది. అది నాకెవరూ నేర్పలేదు. మాడ్చుకుని, పారబోసుకుని, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. చేత్తో చేసి చూపించలేనిది పనే కాదని నా లెక్క. అలాంటి నేను, నాచు గురించి ఉపన్యాసమిచ్చే మనిషి కోసం అద్దాల్లోంచి దారి చూస్తూ నిలబడేవాణ్ణి. నా కళ్ళ ముందే ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క టోపీ కూలిపోయేది.

"గురూగారూ, నాచు రేపు కూడా ఉంటుంది. నా వంటకం ఉండదు" అన్నాను ఒకరోజు.

"పాపం, దానిదీ ఊపిరి సమస్యే మాస్టర్" అన్నారాయన గిన్నెలోకి తొంగి చూసి. "లోపలి గాలిని నిలుపుకోలేకపోతోంది."

చేతిలో ఉన్న గరిటె ఆయన మీదికి విసరకపోవడం ఆ ఏడాది నేను చేసిన ఒకే ఒక్క మంచి పని.

ఆ ఏడాది వానలు ఆగలేదు. పొగమంచు తెల్లారి వచ్చి కిటికీల దగ్గర కూర్చునేది, చీకటి పడ్డాక కూడా లేచేది కాదు. బంగళాలో దుప్పట్లు, రొట్టెలు, మనుషులు, అన్నీ తడిచెక్క వాసనే. వచ్చిన కొద్దిమందీ సరదాకి వచ్చినవాళ్ళు కారు. నిద్రపట్టనివాళ్ళు, డాక్టరు గాలి మార్చమన్నవాళ్ళు, ఇంట్లో ఒక కుర్చీ ఖాళీ అయిపోయి దాన్ని చూడలేక వచ్చినవాళ్ళు. సగం గదులకి తాళాలే. కంపెనీ నడిపే మేడమ్, తండ్రి పోయాక ఈ బంగళాలు నెత్తిన పడ్డ మనిషి, నవ్వడం మానేసి చాలాకాలమైంది.

ఒక సాయంత్రం ఆవిడ వంటింట్లోకి వచ్చారు. "మళ్ళీ ఫిర్యాదు మాస్టర్. అంత డబ్బు పోసి వచ్చి చల్లటి సూపు తాగామంటున్నారు. రేపు నేనూ వాళ్ళతో నడుస్తాను. ఆయన ఊరికే ఆపుతున్నాడని తేలితే, మధ్యాహ్నం వ్యాన్లోనే పంపించేస్తాను. ఇంక మీరు వేడివేడిగా వడ్డించుకోవచ్చు."

నేను కోరుకున్నదే. అయినా అన్నం సహించలేదు. ఆయనకి వెనకా ముందూ ఎవరూ లేరు. వంటింటి వెనక గదిలో ఉండేవారు. తడిసిన మేజోళ్ళు నా పొయ్యి మీద ఆరేసుకునేవారు, నేను తిడితే రెండోవైపు తిప్పి ఆరేసేవారు. అక్కణ్ణుంచి పంపిస్తే ఆ మేజోళ్ళతో ఎక్కడికి పోతారు?

గది తలుపు తట్టి చెప్పాను. "రేపు మేడమ్ వస్తున్నారు. మీ ఉద్యోగం మీద ఉంది వ్యవహారం. ఒక్కరోజు నోరు మూసుకుని నడవండి."

"ఎప్పుడైనా నోరు మూసుకునే నడవాలి మాస్టర్. ముక్కుతో పీల్చాలి" అన్నారు.

ఇలాంటి మనిషితో ఏం చెప్తాం!

మర్నాడు వానకి జీపు దారి కోసుకుపోయింది. భోజనం గంపలో పెట్టి నా వీపు మీదే మొయ్యాలి. అందువల్ల మొట్టమొదటిసారి నేనూ వాళ్ళతో కాలిబాటన నడిచాను, అందరికంటే వెనక. నా ముందు రిటైరైన ఓడ కెప్టెన్‌గారు, చేతికర్రతో. వాళ్ళావిడ బాగా ముందు, మేడమ్ పక్కన నడుస్తోంది. పొద్దున ఫలహారాల దగ్గర ఆవిడ ఆయనకి చెప్పింది నేను విన్నాను.

"గుండె ఆపరేషనై ఎన్నాళ్ళయిందని? దారిలో ఒక్కసారి ఆయాసపడ్డారంటే ఇంటికే. మళ్ళీ గేటు దాటనివ్వను."

"సముద్రాలు దాటినవాణ్ణే!"

"సముద్రం మీద నడిచింది మీరు కాదు, ఓడ."

బయల్దేరిన కాసేపటికే చెయ్యి లేచింది. "ఆగండి. ఈ నాచు చూడండి." నా ప్రాణం ఉసూరుమంది. మేడమ్ గడియారం చూసుకున్నారు. కెప్టెన్‌గారు నాచుని చూడలేదు, ఒక రాతికి చెయ్యి ఆనించి లోయకేసి చూస్తున్నారు. లోయలో పొగమంచు తప్ప ఏమీ లేదు. అంత శ్రద్ధగా ఏం చూస్తున్నారా అని పక్కకి వెళ్ళాను. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నన్ను చూడగానే, "అద్భుతం" అన్నారు మంచుని.

మళ్ళీ నడక. కర్ర చప్పుడు మొదట టకటక వినిపించింది. తర్వాత టక్... టక్. "ఆగండి. సాలెగూడు." ఇంకొంచెం పైకెళ్ళాక కర్ర మళ్ళీ నెమ్మదించింది. "ఆగండి." ఈసారి నేను నాచునీ చూడలేదు, గూడునీ చూడలేదు. ఆగండిగారిని చూశాను. ఆయన కూడా వాటిని చూడటంలేదు. తల కొద్దిగా పక్కకి వంచి, వెనకాల కర్ర చప్పుడు వింటున్నారు. పొయ్యి మీద పాలు పెట్టి పక్క గదిలో పని చేసుకునే మనిషి చెవి అలాగే ఉంటుంది.

"ఇదే ఆఖరు" అన్నారు మేడమ్. "ఇంకొక్కసారి నాచు అన్నారంటే, మీ సామాను సర్దుకోవచ్చు. అందరి ముందూ చెబుతున్నాను."

"అలాగే మేడమ్" అన్నారాయన.

అక్కణ్ణుంచే నిటారు ఎక్కుడు. అందరం నోరెత్తకుండా ఎక్కుతున్నాం. కర్ర చప్పుడు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగిపోయింది. ముందున్న వాళ్ళావిడ వెనక్కి తిరగబోయింది.

దబ్బున చప్పుడైంది. ఆగండిగారు దారికడ్డంగా చతికిలబడ్డారు.

"నాకు ఆయాసంగా ఉంది" అన్నారు, రొప్పుతూ.

వెనక్కి తిరగబోయినావిడ ఆయనకేసే చూసింది. అందరూ ఆయనకేసే చూశారు.

"ఎవరికి? మీకా?" అన్నారు మేడమ్.

"నాకే మేడమ్."

"ఊపిరి నేర్పేది మీరు కదండీ!"

"నేర్పగలనండీ. నాకు ఉండద్దూ?"

రోజూ తెల్లారకుండా ఊట దగ్గర నీళ్ళు పట్టుకుని, రెండు చేతుల్లో రెండు డబ్బాలతో ఇదే ఎక్కుడు పరిగెత్తుకుంటూ ఎక్కే మనిషి ఈయన. పైన నేను వండేది ఆ నీళ్ళతోనే. ఆ మాట చెప్పబోయాను. ఆయన నాకేసి ఒక చూపు చూశారు. నోరు మూసుకున్నాను.

ఈలోగా కెప్టెన్‌గారు మెల్లగా ఆయన దగ్గరికి చేరారు. కింద కూర్చున్న గురువుగారిని చూసేసరికి ఆ ముఖంలోకి ఎక్కడలేని దర్జా వచ్చింది.

"అరెరే! వయసు మీద పడుతోంది గురువుగారూ. ఇందులో సిగ్గెందుకు?" అంటూ పక్కనే కూలబడ్డారు. "కంగారుపడకండి. నాతో పాటు పీల్చండి. ముక్కుతో... మెల్లగా... ఇప్పుడు వదలండి. నిన్న మీరే చెప్పారు కదా, మర్చిపోయారా?"

"మర్చిపోయానండీ. ఇంకోసారి చూపిస్తారా?"

కెప్టెన్‌గారు ఇంకోసారి చూపించారు. చాలా ఓపిగ్గా, చాలాసార్లు చూపించారు. పాఠం అయ్యేసరికి ఆయన పెదాలు మనుషుల రంగులోకి వచ్చాయి.

మేడమ్‌కి ఇదేమీ పట్టలేదు. "ఊపిరి లేని మనిషి చేత ఊపిరి పాఠాలు చెప్పిస్తున్నానని తెలిస్తే నా తల ఎక్కడ పెట్టుకోను? పైకి చేరగానే మీరు..."

"చేరగానే ఏమిటమ్మా?" కెప్టెన్‌గారి గొంతు ఓడ మీద గొంతైంది. "ఒంట్లో బాగాలేని మనిషిని నేను ఏ రేవులోనూ దించెయ్యలేదు. ఈయన్ని పంపిస్తే ఈయనతోపాటే నేనూ వెళ్ళిపోతాను. ఉంచితే, మిగిలిన లోయలన్నీ ఆయన పక్కనే నడుస్తాను. ఆయన ఆరోగ్యం సంగతి నేను చూసుకుంటాను."

వాళ్ళావిడ మొగుడికేసి చూసింది. ఆయన చేతిలో కర్రకేసి చూసింది. తర్వాత, బురదలో బుద్ధిగా కూర్చుని రొప్పుతున్న మనిషికేసి చాలాసేపు చూసింది.

"ఉంచమ్మా" అంది మేడమ్‌తో నెమ్మదిగా. "మా ఆయనకీ ఎవరో ఒకర్ని చూసుకునే పని ఉండాలి."

మేడమ్ ఆవిడ ముఖంలో ఏం చూశారో గాని, గడియారం మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నారు. "సరే. చల్లటి సూపు సంగతి మాత్రం మాస్టర్‌తో మీరే తేల్చుకోండి" అన్నారు ఆగండిగారితో.

లేచాం. ముసురు పట్టింది. ముందు పొగమంచు, వెనక పొగమంచు. ఇద్దరు పెద్దమనుషులూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్నారు. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం. కాస్త దూరం వెళ్ళామో లేదో కెప్టెన్‌గారు కర్ర పైకెత్తారు.

"ఆగండి! గురువుగారికి ఆయాసం."

గురువుగారు చటుక్కున ఒక తడిరాయి మీద కూర్చుని, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా రొప్పడం మొదలుపెట్టారు. మంచి పనితనం. నేను ఒప్పుకోక తప్పలేదు.

మేడమ్ నాకేసి తిరిగి, "సూపు చల్లారిపోదూ?" అన్నారు.

నేను గంప కిందికి దించి, నడుం పట్టుకుని, నాకూ ఆయాసంగానే ఉందన్నాను.