నేను పంపని మూడో ఫారం

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మోస్తున్నది నేనొక్కదాన్నే అయితే ఇది రాసే అవసరం ఉండేది కాదు. దాని బరువులో ఎక్కువ భాగం ఇంకొకామె మీద వేశాను, ఆమెకు తెలియకుండా. పోయిన ఆదివారం ఆమె ముందు నోరు విప్పాను. చెప్పేశాననే అనుకున్నాను. ఇంటికొచ్చి గాజులు తీసి పెడుతుంటే అర్థమైంది, చెప్పలేదని. అందుకే ఇప్పుడు మీ ముందు కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. మధ్యలో లేచి వెళ్లకుండా వినండి, చాలు.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక కార్గో ఆఫీసులో కాగితాల పని చూస్తాను. మైలార్‌దేవ్‌పల్లి నుంచి స్టాఫ్ బస్సులో వచ్చి పోతాను. నలభై దాటిన ఏడాది నాకు మంచుకొండల్లో నడవాలన్న పిచ్చి పట్టింది. ఎవరో ఇచ్చిన క్యాలెండర్‌లో బొమ్మ చూశాను: చెట్లు పెరగని ఎత్తులో పచ్చిక, దాని మీద ఒక చెక్క ఇల్లు, వెనక మంచు. అది హిమాలయాల్లో ఒక నేషనల్ పార్కు అని తెలుసుకున్నాను. అక్కడ అలాంటి చిన్న ఇళ్లు నాలుగున్నాయట, వాటిని హట్‌లంటారు. పగలంతా నడిచి రాత్రికి ఒక హట్‌లో ఆగాలి. పొద్దున లేచి మళ్లీ నడవాలి. అట్లా ఐదు రోజులు.

నా జీవితంలో నేను సొంతంగా కోరుకున్నది అదొక్కటే. చదువు నాన్న చెప్పింది, పెళ్లి పెద్దలు చేసింది, ఉద్యోగం దొరికింది. ఇది మాత్రం నాది.

నాతో ఇద్దరు వస్తామన్నారు. ఒకరు పద్మగారు, మా ఆఫీసులోనే లెక్కలు చూసే ఆవిడ, గుంటూరు వైపు మనిషి. రెండోది సువార్త. అప్పటికి ఇరవై నాలుగేళ్లు. శంషాబాద్‌లోనే పుట్టి పెరిగింది, వాళ్ల నాన్న చర్చి దగ్గర ఎలక్ట్రిక్ పని చేసేవాడు. సువార్త మా ఆఫీసులోనే సరుకు తూచే చోట పనిచేసేది. మెట్లు రెండేసి ఎక్కేది. నన్ను 'అక్కా' అని పిలిచేది, ఆ పిలుపులో నటన ఉండేది కాదు.

ప్లానంతా నాదే. ఏ రోజు ఏ హట్, ఎక్కడ నీళ్లు, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, అన్నీ ఒక పెద్ద కాగితం మీద గీసి క్యాంటీన్ బల్ల మీద పరిచేదాన్ని. మూడో రోజు కష్టమైనది. మధ్యాహ్నం లోపు ఒక కనుమ దాటాలి, ఆ తర్వాత వాతావరణం మారిపోతుంది. ఒంటరిగా దాటనివ్వరు, కనీసం ఇద్దరుండాలి. ఆ రోజును ఎర్ర పెన్నుతో చుట్టాను.

ఆదివారాలు సువార్త ప్రార్థన ముగించుకుని వచ్చాక జల్‌పల్లి వైపు గుట్టల మీద నడక సాధన చేసేవాళ్లం. వాళ్లిద్దరూ ముందు, నేను వెనక. ప్రతిసారీ అంతే. పైకి చేరేసరికి వాళ్లు చెమట ఆరబెట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు. నేను నవ్వుతూ చేరేదాన్ని. ఆ నవ్వుకు నాకెంత శ్రమ అయ్యేదో వాళ్లకు తెలియదు.

ఒకరోజు చివరి బండ కింద ఊపిరి తీసుకోవడానికి ఆగాను. పైనుంచి సువార్త మాట వినబడింది. పద్మగారితో అంటోంది, "మూడో దినం అక్కకు కష్టమైతది. రెండో హట్‌ల అక్కను రెస్టు తీసుకోమందం. మనిద్దరం దాటి వద్దం. అక్కకు నేను మెల్లగ చెప్త."

అందులో తప్పేముంది? ఈ ఏడేళ్లలో ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశానో. ఎగతాళి లేదు, తీసిపారేయడం లేదు. 'మెల్లగ చెప్త' అంది. ఆ మెల్లదనమే నన్ను కాల్చింది. నా కొండ, నా కాగితం, నేను ఎర్ర పెన్నుతో చుట్టిన రోజు. అందులోంచి నన్ను బయట కూర్చోబెడుతోంది, అదీ జాలితో.

పార్కు ఆఫీసుకు మా ముగ్గురి ఆరోగ్య ఫారాలు పంపాలి. డాక్టరు సంతకంతో, ఒక శుక్రవారం సాయంత్రం లోపు. ఫారం అందని వాళ్ల పేరు కొట్టేస్తారు. సువార్త ఫారం మీద డాక్టరు రాశాడు: చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇప్పుడు ఏమీ లేదు, నడవవచ్చు. ఆమె దాన్ని రెండు చేతులతో నాకిచ్చింది, మడత పడకుండా.

ఆఫీసు స్కానర్ మీద ముందు నాది పెట్టాను. తర్వాత పద్మగారిది. మూడోది పెట్టి మూత వేశాను. బటన్ మీద వేలుంది. నొక్కలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. ఎవరో వెనక నుంచి "మేడమ్, అయిందా?" అన్నారు. అయిందన్నాను. మూత తెరిచి కాగితం తీసుకుని నా సొరుగులో పెట్టాను.

అక్కడితో ఆగి ఉంటే ఇంకా దిద్దుకునే వీలుండేది. శనివారం పార్కు నుంచి నాకు మెయిల్ వచ్చింది. మూడో ఫారం రాలేదు, సోమవారం దాకా చూస్తామని. అంటే నాకు ఇంకో రెండు రోజులు ఇచ్చారు. ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. సువార్త తనంతట తాను పార్కుకు ఫోన్ చేస్తే? పద్మగారు మెయిల్ చూపించమంటే? పంపేద్దామని సొరుగు తీశాను, మూశాను. సోమవారం పొద్దున ఆ మెయిల్ తీసేసి, ఫారాన్ని బాత్రూంలో ముక్కలు చేసి నీళ్లు వదిలాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే చోట సువార్త పట్టుకుంది.

"అక్కా, మెయిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమన్నరు?"

"నీది ఒప్పుకోలేదు సువార్తా. ఆయాసం అని రాసి ఉన్నది కద. వాళ్ల డాక్టర్ చూసి వద్దన్నడంట. గంత ఎత్తుల నీకు ఊపిరి అందదంట."

"గట్లెట్ల? మా డాక్టర్ నడువొచ్చని రాసిండు కద."

"రాసిండు. వాళ్ల డాక్టర్‌కు ఎక్కువ తెలుస్తది కద."

ఆమె తడి చేయి ఛాతీ మీద పెట్టుకుంది. జాకెట్ మీద నీటి మరక పడింది. "అంటే లోపల ఇంక ఉన్నదా అక్కా?"

లేదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నేనన్న మాట ఇది: "ఏమో. జర పైలంగుండు."

ఆమె కుళాయి తిప్పి కట్టేసింది. తర్వాత, "మీరైతే పోయి రండక్కా. నా రెయిన్‌కోటు తీస్కపో, మంచిది అది," అంది. తెల్లారి తెచ్చి ఇచ్చింది కూడా. తీసుకున్నాను. వేసుకున్నాను.

రెండో హట్‌లో ఉండే పెద్దాయన రిజిస్టర్ తెరిచాడు. మా పేర్ల కింద మూడో పేరు, దాని మీద గీత. "ఈమె ఫారం పంపలేదేం? గడువు కూడా ఇచ్చారట కదా?" అన్నాడు హిందీలో. హిందీ అంతగా రాని పద్మగారు గడప దగ్గర బూట్లు విప్పుతోంది. ఆ పేజీ మీద నా చెయ్యి అడ్డం పెట్టి సంతకం చేశాను.

"ఏమంటున్నాడండీ?" అంది పద్మగారు.

"దుప్పట్ల గురించి," అన్నాను.

మూడో రోజు కనుమ కింద నా ఊపిరి అందలేదు. అవును, నాదే. పది అడుగులు వేసి కూర్చోవడం, మళ్లీ పది. పద్మగారు పైకి చూసింది, టైం చూసుకుంది. ఒంటరిగా పోనివ్వరు. నా పక్కనే రాయి మీద కూర్చుంది. "పాపం, సువార్త ఉంటే బాగుండేదండీ," అంది. ఇద్దరం వెనక్కి దిగాం. కనుమ ఎవరమూ దాటలేదు. అంటే నేను చేసింది నాకోసం కూడా కాదు. మరి ఎవరి కోసం?

తిరిగొచ్చాక సువార్త గుట్టలకు రావడం మానేసింది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కేది, మధ్యలో ఆగేది. నేను చూసేదాన్ని. పెళ్లయింది, కూతురు పుట్టింది. రెండేళ్ల కింద మా కంపెనీ ఆమెను సూపర్‌వైజర్‌ను చేసి, లద్దాఖ్ కొండల్లో ఉన్న లేహ్ ఆఫీసుకు పంపుతామంది. వద్దని రాసిచ్చింది, ఎత్తు పడదని. మేనేజర్ నన్ను పిలిచి అడిగాడు, నిజమేనా, అప్పట్లో పార్కు వాళ్లు వద్దన్నారట కదా అని. నిజమే సార్ అన్నాను. ఆ ఉద్యోగం వేరే ఆయనకు వెళ్లింది.

అప్పుడు కూడా నోరు రాలేదు. ఇంకెప్పుడు వస్తుందనుకున్నాను నేను?

పోయిన ఆదివారం వాళ్లింటికి భోజనానికి పిలిచింది. ఐదేళ్ల కూతురు వీధిలో పిల్లలతో పరుగెత్తుతోంది. సువార్త గడపలోంచి కేకేసింది, "ఉరుకకు బిడ్డా! మన ఊపిరి మంచిది కాదు." ఆ పిల్ల టక్కున ఆగింది. గోడకానుకుని, ఒక చేయి ఛాతీ మీద పెట్టుకుని, మిగతా పిల్లల వైపు చూస్తూ నిలబడింది. అలవాటుగా. ఎన్నోసార్లు చేసినట్టు.

నా చేతిలో ముద్ద పళ్లెంలో పడింది.

"సువార్తా, నీ ఫారం నేను పంపలేదు," అన్నాను. "వాళ్ల డాక్టర్ ఎవ్వరు చూడలేదు. ఎవ్వరు వద్దనలేదు."

ముందు ఏ ఫారమో అర్థం కాలేదు ఆమెకు. అర్థమయ్యాక ముఖం తెల్లబోయింది. "మరి గట్లెందుకు చెప్పినవక్కా?"

ఇదే ఆ ప్రశ్న. ఏడేళ్లు దీనికోసమే భయపడ్డాను. జవాబు నాలుక చివర ఉంది. అప్పుడు నేనన్నది: "పంపుడు మర్చిపోయిన. చెప్పనీకె భయమై గట్ల అన్న."

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత "అంటే నాకేం లేదా?" అంది. మళ్లీ అడిగింది. ఏడ్చింది, మధ్యలో నవ్వింది. చివరికి నా చెయ్యి పట్టుకుని, "మర్చిపోతే ఏం చేస్తవులే. పోనియ్యక్కా," అంది.

క్షమించింది. చేయని తప్పుకు. ఆ క్షమ ఎవరో మతిమరుపు మనిషికి చెందుతుంది, నాకు కాదు. అది తీసుకుని బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఇది ఆమెకు చూపిస్తానో లేదో మీకు మాటివ్వలేను. నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. పద్మగారికి ఏదీ తెలియదు. మేనేజర్ దగ్గర నేను నిజమేనన్న సంగతి సువార్తకు తెలియదు. మంచిదాన్ననిపించుకోవాలని ఇదంతా రాయడం లేదు. రాస్తే ఆ లేహ్ ఉద్యోగం తిరిగి రాదు, ఆ పిల్ల ఆడకుండా నిలబడిపోయిన ఆటలు తిరిగి రావు.

అయినా ఒక్కసారి, ఎవరికో ఒకరికి, ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను మర్చిపోలేదు. నన్ను మించి నడుస్తుందని, నా మీద జాలిపడిందని, తెలిసి ఆపాను. రెండు రోజులు గడువిచ్చినా తెలిసే ఆపాను.

రాశాను. ఆమెకు ఇంకా చూపించలేదు. కానీ రాశాను.