కుక్కవామింటతో కొండపల్లికి

డిగ్రీలో నాకు బోటనీ చెప్పిన సుభద్ర మేడమ్ రిటైరై కొండపల్లిలో ఉంటున్నారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండేళ్ళుగా గేటు దాటడం లేదని ఈమధ్యే తెలిసింది. క్లాసులో ఆవిడ చేతివేళ్ళలా అయిదేసి ఆకులుండే సింక్‌ఫాయిల్ మొక్క గురించి ఎంత ఇష్టంగా చెప్పేవారో గుర్తొచ్చి, ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించి నవంబరులో డాబా మీద కుండీలో చల్లాను. జనవరి చివరికి అయిదేసి ఆకులతో మొక్క పెరిగి పసుపు పువ్వు పూసింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం కుండీ పట్టుకుని బయలుదేరాను.

విజయవాడ బస్టాండులో ఏడున్నరకు సిటీ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. గొల్లపూడిలో సీటు దొరికింది. పక్కన కూర్చున్న రైతు కూలీ ఒకామె కుండీని చూసి, ఏం మొక్కని అడిగింది. అరుదైన మొక్క అని గొప్పగా చెప్పాను. ఆకు నలిపి వాసన చూసి, "మా చేలో దీన్ని పీకి పారేస్తామండీ," అంది. నవ్వేశాను కానీ కొండపల్లిలో దిగేదాకా మనసులో అదే నలిగింది.

మేడమ్ వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని మొక్కను దగ్గరగా చూశారు. "రేకులు లెక్కపెట్టు," అన్నారు. నాలుగు. సింక్‌ఫాయిల్‌కి అయిదుండాలని నాకూ తెలుసు. ఆకుల సంబరంలో పువ్వు సంగతే పట్టించుకోలేదు.

"ఇది కుక్కవామింట తల్లీ, చేలల్లో కలుపు. కాండం ముట్టుకో, జిగురంటుతుంది."

నలభై రెండేళ్ళ వయసులో ప్రాక్టికల్స్ తప్పినట్టయింది. ఆవిడ మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ప్యాకెట్లో విత్తనాలు అసలు మొలిచే ఉండవని, ఇది కుండీ మట్టిలోంచే వచ్చుంటుందని చెప్పారు. చలిప్రాంతపు రకాలు మన ఎండలకు తట్టుకోవట. నీళ్ళు తగ్గాక కృష్ణ ఒడ్డు ఇసుకలో మొలిచే సింక్‌ఫాయిల్ రకం ఒకటుందని, అది చూపించడానికి ఏటా పిల్లల్ని ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవుకి తీసుకెళ్ళేదాన్నని చెబుతూ మోకాలు తడుముకున్నారు.

వెళ్దామా అన్నాను. ఇసుకలో పడిపోతానేమోనని భయం అన్నారు. పది అడుగులు వేసి వెనక్కి వచ్చేద్దామన్నాను. కాసేపు గేటు వైపే చూసి, "తలుపు వెనక చేతికర్ర ఉంది, తే," అన్నారు.

ఆటో రానూపోనూ, అక్కడ గంట ఆగడానికీ కలిపి మూడు వందలు. డ్రైవరు మస్తాన్ నీటికి వీలైనంత దగ్గరగా ఆపాడు. నా భుజం గట్టిగా పట్టుకుని మేడమ్ మొదటి అడుగు వేశారు. పదో అడుగు దగ్గర నేను ఆగితే, పద అన్నట్టు కర్రతో ముందుకు చూపించారు. అలా ఎంత దూరం నడిచామో, ఉన్నట్టుండి "అదిగో," అన్నారు.

ఇసుకకు అంటుకుని పాకిన చిన్న మొక్క. ఆకుల అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. పువ్వు చొక్కా గుండీ కంటే చిన్నది. మోకాళ్ళ మీద కూర్చుని రేకులు పైకే లెక్కపెట్టాను. అయిదు. ఆకులేమో ఈ రకానికి ఈక మీద పోచల్లా వరసగా ఉంటాయట, అయిదే ఉండాలని లేదట. మస్తాన్ ఆటో వెనక సీటు ఊడదీసి తెచ్చి ఇసుకలో వేశాడు. "కూర్చోండి మేడమ్ గారూ, తొందరేం లేదండి," అన్నాడు. దాని మీద కూర్చుని ఆవిడ మా ఇద్దరికీ అరగంట పాఠం చెప్పారు.

తిరిగి ఇంటి ముందు దిగాక మేడమ్ మస్తాన్‌ని పిలిచి, వచ్చే ఆదివారం ఖాళీయేనా అని అడిగారు. బస్సులో వస్తూ నేను చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. సరైన మొక్కే తీసుకెళ్ళి ఉంటే కాఫీ తాగి, కబుర్లు చెప్పి పదకొండింటికల్లా వచ్చేసేదాన్ని.

మీరూ సింక్‌ఫాయిల్ పెంచాలనుకుంటే ఒక్క మాట: పువ్వు విచ్చి, అయిదు రేకులూ కనబడేదాకా కుండీ మీద పేరు రాయకండి.