నడుం లేని ప్రభ

ఇప్పుడంటే ఫోను పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పితే చాలు, కొండలైనా కొంపలైనా ఒక్క ఫోటోలో వచ్చి పడతాయి. నేను నరసరావుపేటలో ఫోటో స్టూడియో పనికి చేరిన రోజుల్లో ఫోన్లకి ఇంత చొరవ లేదు. ఫ్రేములో పట్టనిదాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, కంప్యూటర్లో ఒకదాని అంచు మీద ఇంకొకటి వేసి అతికించాలి. మా స్టూడియోలో ఆ విద్య నాకొక్కడికే వచ్చు. మా యజమానిని బజారంతా భాయ్ అనేది. పెళ్ళి ఫోటోల్లో ఆయన దిట్ట, కంప్యూటర్ని మాత్రం దూరంగా కూర్చుని టీ తాగుతూ చూసేవాడు. దాంతో నేనో పెద్ద ఇంజినీరునని నాకు గట్టి నమ్మకం కుదిరింది. (కోర్సు సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

అలాంటి రోజుల్లో మా ఊరి ప్రభ కమిటీ పెద్ద, నాకు వరసకి బాబాయ్, స్టూడియోకి వచ్చాడు. ప్రభ అంటే శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరూరూ కట్టుకుని ట్రాక్టర్లతో లాక్కెళ్ళే ఎత్తయిన చట్రం. నిండా రంగు గుడ్డలూ బల్బులూ ఉంటాయి. మా వైపు ఆ నెల వచ్చిందంటే మిర్చి ధర సంగతి కూడా తర్వాతే, ముందు ఎవరి ప్రభ పొడుగన్నది తేలాలి. మాకూ పక్కూరికీ ఆ తగాదా తాతల నాటిది. పొలం గట్ల తగాదాలైనా కోర్టులో తెగాయి గానీ ఇది తెగలేదు. ఆ ఏడు మాది వాళ్ళదానికంటే ఒక అంతస్తు ఎక్కువ కట్టారు.

"కొండ కాడ ఆ జనంలో ఎవుడికి తెలుస్తదిరా? అడుగు నుంచి కొస దాకా ఒక్క ఫోటోలో రావాల. రోడ్డు మలుపులో పేద్ద ఫ్లెక్సీ ఏయిస్తా. ఆ ఊరోళ్ళు పొద్దున్నే పాలకేంద్రానికి పోతా దాన్ని చూసి ఏడవాల" అన్నాడు బాబాయ్.

ఆయన వెళ్ళాక భాయ్ నా వైపు తిరిగి, "మీ ఊరోళ్ళ సంగతి నాకు తెలుసు. తేడా వచ్చిందంటే నువ్వు మళ్ళా ఈ కెమెరా ముట్టుకునేది లేదు" అన్నాడు. నేను చిరునవ్వు నవ్వాను. ఇంజినీర్లు అలాగే నవ్వుతారని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ప్రభ నిలబెట్టిన సందులో వెనక్కి జరగడానికి చోటు లేదు, జరిగితే గేదెల పాకలో పడతాం. ఎదురు డాబా మెట్ల మీద నిలబడి కింద నుంచి పైకి ముక్కలుగా తీశాను. స్టూడియోకొచ్చి వాటిని సాఫ్ట్‌వేరుకి అప్పగించి, బటన్ నొక్కి టీకి పోయాను. తిరిగొచ్చేసరికి ప్రభ నిలువునా తయారు. "అతుకు ఎక్కడన్నా కనపడుతుందేమో చూడు భాయ్" అన్నాను. భాయ్ కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికాడు. "కనపడట్లా. షభాష్" అన్నాడు. ఇద్దరం అతుకు కోసం అంత వెతికాం గానీ ప్రభ వంక చూడలేదు. అంతస్తులన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే పూల డిజైను. మధ్యలో రెండు అంతస్తుల్ని చూసిన సాఫ్ట్‌వేరు, ఒకదాన్నే నేను రెండుసార్లు తీశాననుకుని, ఒకదాన్ని హాయిగా మింగేసింది.

ఫ్లెక్సీ కట్టిన పొద్దున్నే పక్కూరివాళ్ళు బండ్లు ఆపి వేలు పెట్టి లెక్కపెట్టారట. "మా అంతే ఉంది గదా, దీనికా ఇంత గోల" అని ఈలలేసుకుంటూ పోయారట. మధ్యాహ్నానికి కమిటీ కమిటీ అంతా స్టూడియోలో ఉంది.

"మా ప్రభ నడుం ఏదిరా?" అన్నాడు బాబాయ్.

"రెండూ ఒకే తీరుగా ఉన్నయ్యి గదా బాబాయ్. సాఫ్ట్‌వేరు ఒకటే అనుకుంది."

"అనుకోటానికి అదెవురు? ఏ ఊరిది?"

ఆ సాఫ్ట్‌వేరు సీడీ గుంటూరులో కొన్నామని చెప్పాను. పక్కూరి సర్పంచి బావమరిది ఉండేది గుంటూరులోనేనని కమిటీలో ఒకాయన గుర్తుచేశాడు. అందరూ గంభీరంగా తలలాడించారు.

"ప్రభ సందులో నిలబడే ఉంది గదా. వాళ్ళని పిలిచి చూపిస్తే పోద్ది" అన్నాను.

"ప్రభని ఎవుడు చూస్తాడ్రా? జనం చూసేది ఫ్లెక్సీని. తీసేసింది పెట్టు. పెట్టేటప్పుడు ఇంకో రెండు పెట్టు, మా పరువుకి నష్టపరిహారం కింద."

భాయ్ నా మెళ్ళో ఉన్న కెమెరా తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను మూడంతస్తులూ పెట్టేశాను.

కొత్త ఫ్లెక్సీ లేవగానే పక్కూరివాళ్ళు వచ్చారు. "మాది కూడా తియ్యి తమ్ముడూ. వాళ్ళకెన్ని పెట్టావో, దానికంటే ఒకటి ఎక్కువ" అన్నారు. కడితే నెలలు పట్టేది, నా దగ్గర టీ చల్లారేలోపు అయిపోయేది. మళ్ళీ మావాళ్ళు, మళ్ళీ వాళ్ళు. నా ఫోటోలో ఆకాశం చాలకపోతే ఎవరిదో పెళ్ళి ఆల్బంలోంచి మబ్బులు తెచ్చి అతికించాను. కెమెరా నా మెళ్ళోకి తిరిగొచ్చింది. ఊళ్ళో నడుస్తుంటే పెద్దవాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. నేను కాలు మీద కాలు కూడా వేసుకున్నాను.

శివరాత్రి రోజు ప్రభ ఊరు దాటి రోడ్డెక్కింది. మా అమ్మ నా పక్కన నిలబడి తలెత్తి చూసి, "ఏందిరా, సగం ఇప్పేశారా?" అంది. బాబాయ్ ట్రాక్టర్ మీద నుంచి మాటిమాటికీ పైకి చూసుకుంటున్నాడు. ఆయన మొహంలో ఆనందం లేదు. కొండ దగ్గర రెండు ఊళ్ళ ప్రభలూ పక్కపక్కనే నిలబడ్డాయి. మాది నిజంగానే ఒక అంతస్తు పొడుగు. ఎండలో స్పష్టంగా తెలుస్తోంది. తాతల నాటి తగాదా ఆ రోజుతో తేలిపోయినట్టే, కానీ ఒక్కడూ ఆ మాట అనలేదు. రెండు ఊళ్ళవాళ్ళూ ఎవరి ప్రభని వాళ్ళు చూసుకుని, మోసపోయినవాళ్ళలా శనగలు తింటూ కూర్చున్నారు.

వాళ్ళని చూసి నవ్వుదామనే తలెత్తాను. ఎన్ని అంతస్తులు కట్టారో, ఎన్ని నేను పెట్టానో నాకంటే తెలిసినవాడు లేడు. అయినా నా కళ్ళు కొస దాకా పోయి, అక్కడ ఆగకుండా, ఖాళీ ఆకాశంలో మిగతా అంతస్తుల కోసం వెతికాయి. మెళ్ళో కెమెరాతో నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ ఇంజినీరుని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ప్రభని తలుచుకుంటే మాత్రం జాలేస్తుంది.